గడ్డికోత యంత్రములు

నేలపై నిలిచియున్న పచ్చికనుగాని, కోసి తెచ్చిన మేతనుగాని వేగముగా తిరుగు ఉక్కు అలుగులచేత ఖండించు సాధనములకు గడ్డికోత యంత్రములని సామాన్యనామము. ఉద్యానముల పచ్చికను సమముగా కత్తిరించు లాన్ మూవరు, దాని ఆధునిక రూపమై కూర్చుండి నడుపుటకు వీలైన జీరో టర్న్ మూవరు, భుజమునకు తగిలించుకొని గట్లమీది కలుపును నరకు బ్రష్ కట్టరు, పశువుల కొట్టముకడ చొప్పను తునుకలు చేయు చాఫ్ కట్టరు, ఇవి యన్నియు ఒక్క కుటుంబమునకు చెందినవే. ఆకారము వేఱైనను వీనియందు సమానమైన ప్రమాదకారణములు రెండు: శక్తి నిలిచిన పిమ్మటను అలుగు వెంటనే నిలువదు, అలుగు నిలిచినట్లు కనిపించినను శక్తి ఏ క్షణముననైనను మరల రావచ్చును. నడుపుటయందును సంరక్షణయందును పాటింపవలసిన నియమములలో పెక్కు ఈ రెండు విషయములనుండియే పుట్టుచున్నవి. మదనపల్లె, నిమ్మనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో ఈ కుటుంబమునకు ప్రతినిధి చాఫ్ కట్టరు కనుక దానిని గూర్చియే ఇచ్చట విస్తరించి చెప్పబడుచున్నది.

పచ్చికను కత్తిరించు మొదటి యంత్రమునకు ఇంగ్లండునందలి స్ట్రౌడు పట్టణవాసియగు ఎడ్విన్ బియర్డ్ బడ్డింగు 1830లో పేటెంటు పొందెను. ఊలుబట్టపై లేచిన నూగును సమముగా కోయుటకు మిల్లులలో వాడుచుండిన యంత్రమును చూచి, నేలపై మొలచిన పచ్చికకును అదియే పద్ధతి చెల్లునని ఆతడు గ్రహించెను. చాఫ్ కట్టరు కథ దీనికంటె ప్రాచీనమైనది. గుఱ్ఱములకు గడ్డిని తునుకలుగా కోసి పెట్టుటకు కఱ్ఱపెట్టెకు అమర్చిన చేతికత్తితో మొదలై, పెద్ద చక్రమునకు వంపు బ్లేడులు బిగించిన రూపమును పొంది, ఆ రూపముననే భారతదేశమునకు వచ్చి, పంజాబు హర్యానాలయందు టోకా అను పేర ఇంటింటి వస్తువయ్యెను. జీరో టర్న్ మూవరు వీనికంటె చాల ఇటీవలిది. అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున జాన్ రీగియరు 1960ల తొలినాళ్ళలో దానిని రూపొందించెను.

ఉన్న చోటనే గిరుక్కున తిరుగు అట్టి మూవరుతో పని పడునంతటి అలంకార పచ్చికబయళ్ళు ఈ సీమయందు అరుదు. ఇచటి గడ్డి చూచి ఆనందించుటకై పెంచునది కాదు. పాలుగా మారి ఇంటి పొయ్యిని వెలిగించునది. వానలపై భారము వేసి బ్రదుకు ఈ మెట్టప్రాంతమున వేరుసెనగ చేతికి రాని యేట కుటుంబమును నిలుపునది పాడియే. బాహుదా నది నీరు అందు కొలది మడులను విడిచినచో నిమ్మనపల్లె చుట్టుపట్ల సేద్యమంతయు బోరుబావులమీదనే సాగును. ఆ నీటితోనే ఒకవైపు టమాటాను, మఱియొకవైపు నేపియరు గడ్డిని పెంచుచున్నారు. పొట్టి పుంగనూరు ఆవు పూర్వము గట్టుమీది కసువును మేసియే జీవించెను. నేటి కొట్టములలోని జెర్సీ సంకరజాతి ఆవులకు అది చాలదు. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము విడుదల చేసిన సి.ఓ.-4 వంటి సంకర నేపియరు గడ్డి నాటిన రెండున్నర నెలలకు తొలికోతకు వచ్చి, అటుపై దాదాపు నెలన్నరకొకసారి కోతనిచ్చును. అయితే దాని కాండము చెఱకువలె లావెక్కును. నిలువుగా వేసినచో ఆవు ఆకులను కొఱికి కాడలను త్రొక్కి పాడుచేయును. రెండు మూడు సెంటీమీటర్ల తునుకలు చేసి వేసినచో కాడతో సహా తినును. రాగిగడ్డి, జొన్నచొప్ప, మొక్కజొన్న చొప్ప, వేరుసెనగ కట్టె, వీనిని పచ్చిమేతతో కలిపి పెట్టుటకును ఈ తునుకలే అనుకూలము. మరీ మెత్తగా కోసినచో నెమరువేత తగ్గి పాలలో వెన్నశాతము పడిపోవును. ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము: లేత జొన్నయందును, నీరులేక వాడి మరల చిగిర్చిన జొన్నయందును ఉండు నాము అను విషము తునుకలు చేసినంతమాత్రమున పోదు. పూతకు రాని జొన్నను ఏ యంత్రముతో కోసినను పశువునకు వేయరాదు.

చాఫ్ కట్టరు నిర్మాణము సరళమైనది. మేతను పెట్టు దోనె, దానిని లోనికి లాగు రెండు పండ్ల రోలర్లు, రోలర్లను త్రిప్పు గేర్లు, రెండు లేక మూడు బ్లేడులు బిగించిన బరువైన చక్రము, బ్లేడు ఆనుకొని తిరుగు స్థిరమైన ఉక్కు పెదవి, చక్రమును త్రిప్పు మోటారు, వాని నడుమ పుల్లీలు, బెల్టు. ఇండ్లలో వాడునవి ఒకటి మొదలు మూడు అశ్వశక్తుల మోటార్లతో నడచును. బరువైన చక్రము ఒకసారి వేగము పుంజుకొనినచో లావుపాటి కాడ అడ్డుపడినను మందగింపదు; ఆ గుణమే కోతకు బలము, ఆ గుణమే చేతికి శత్రువు.

ఉదాహరణకు, మీటరు వ్యాసముగల చక్రము నిమిషమునకు 300 చుట్లు తిరుగుచున్నదనుకొందము. దాని అంచు సెకనుకు దాదాపు 16 మీటర్ల వేగమున, అనగా గంటకు 56 కిలోమీటర్లకు పైగా పోవుచుండును. ఆపదను కన్ను చూచి చేయి వెనుకకు మరలుటకు పావు సెకనైనను పట్టును. రెండు బ్లేడుల చక్రమైనచో ఆ లోపుననే రెండు కోతలు పడియే యుండును. అంతకంటె ఘోరమైనవి రోలర్లు. తునుక రెండు సెంటీమీటర్లు చొప్పున ఆ చక్రము సెకనుకు పది కోతలు కోయుచున్నచో, రోలర్లు మేతను సెకనుకు 20 సెంటీమీటర్లు లోనికి లాగుచున్నవన్నమాట. గాజుగాని, చొక్కా చేతిగాని, చీరకొంగుగాని వాని నడుమ చిక్కినచో చేయి బ్లేడును చేరుటకు సెకను చాలును. ఈ ప్రాంతమున పాడిపనిలో అధికభాగము స్త్రీలు చేయుదురు కనుక, కొంగును నడుమునకు బిగించి దోపుకొనుట, జడను ముడిచి కట్టుట, గాజులను పైకి త్రోసి గుడ్డతో కట్టుట లేక తీసివేయుట, ఇవి చిన్నవిషయములని త్రోసివేయదగినవి కావు. పురుషులకు లుంగీయు, భుజముపై వ్రేలాడు తువ్వాలును అట్టివే. వదులైన చేతితొడుగులు రక్షణకు మారుగా ఆపదను తెచ్చును.

మేత పెట్టువాడు దోనెకు ఎదురుగా కాక ఒక ప్రక్కగా, తడిలేని చదునైన నేలపై నిలువవలెను. చక్రమునకు సూటిగా ఎవ్వరును నిలువరాదు; బోల్టు తెగి బ్లేడు ఎగిరినచో అది పోవు దారి అదియే. కట్టను పిడికిలితో పట్టి రోలర్లదాక నెట్టుట అతి సామాన్యమైన తప్పు. కట్ట వెనుక భాగమునే పట్టుకొని, కడపటి మూరెడు మేతను తరువాతి కట్టతోగాని, కఱ్ఱతోగాని త్రోయవలెను. నూర్పిడి యంత్రముల విషయమున భారతీయ ప్రమాణము దోనె పొడవు 90 సెంటీమీటర్లకును, అందు పైకప్పుగల భాగము 45 సెంటీమీటర్లకును తగ్గరాదని నిర్ణయించినది. పెద్దవాని చేయి కూడ కఱచు భాగమును అందుకొనరాదనుటయే దాని ఉద్దేశము. చాఫ్ కట్టరు కొనువాడును ఈ కొలతనే మనస్సున నుంచుకొని, దోనెపై కప్పు లేనిదానిని, రోలర్లను వెనుకకు త్రిప్పు రివర్సు గేరు లేనిదానిని చవుకగా వచ్చినను తీసికొనకుండుట మేలు. ఉన్న యంత్రమునకు ఊరి వెల్డింగు షాపులో రేకు కప్పు వేయించుట పెద్ద వ్యయము కాదు. బెల్టునకును, గేర్లకును జాలిమూత ఉండవలెను. సంతలో క్రొత్తగా నిగనిగలాడు యంత్రములలోనే ఈ మూతలు లేనివి కనబడుట విచారకరము.

యంత్రము పనిచేయుచున్నప్పటికంటె ఊరకున్నప్పుడు పిల్లలకు ప్రమాదము అధికము. ఢిల్లీ ఐ.ఐ.టి.లో దినేశ్ మోహన్ బృందము ఉత్తరభారత గ్రామములలో చేసిన పరిశీలనలలో, పిల్లలు ఆటగా చక్రమును త్రిప్పుచు వ్రేళ్ళు కోల్పోవుట ముఖ్యవిషయముగా తేలినది. ఒకడు చక్రమును త్రిప్పును, మఱియొకడు రోలర్ల నడుమ పుల్లను పెట్టును. ఆ బృందము చక్రమును బంధించు చీలను, రోలర్లకు కాపును సూచించెను. చక్రపు ఆకుల నడుమ నుండి చట్రమునకు గొలుసు వేసి తాళము పెట్టుట ఎవ్వరైనను చేసికొనదగిన పని. 1983లో పార్లమెంటు చేసిన ప్రమాదకర యంత్రముల నియంత్రణ చట్టము నూర్పిడి యంత్రముల వలన చేతులు కోల్పోయిన వారి దుఃస్థితినుండి పుట్టినదైనను, ఇట్టి యంత్రముల తయారీదారునకు ఒక బాధ్యత కలదను భావమును దేశమున నాటినది.

ఇక విద్యుత్తు. ఈ సీమలో దీనిని గూర్చి ఎంత చెప్పినను అధికము కాదు. పొలములకు త్రీఫేజు కరెంటు రోజులో నియమిత గంటలే వచ్చును; నడుమ పోయి మరల వచ్చుటయు కలదు. ఇంటిలైనులోను ఇట్లే. మేత పెట్టుచుండగా కరెంటు పోయినది. స్విచ్చి వేసియే యున్నది. చిక్కుకొన్న కాడను తీయుటకు చేయి రోలర్లలోనికి పోయినది. అప్పుడు కరెంటు వచ్చినది. ఇది ఊహించి వ్రాసిన వరుసయే అయినను, కట్టర్లున్న ఏ ఊరనైనను జరుగుటకు వీలైనదే. కనుక కరెంటు పోయిన తక్షణము చేయవలసిన మొదటిపని స్విచ్చి ఆపుట, రెండవది ప్లగ్గు ఊడదీయుట. కరెంటు పోయినపుడు తనంతట విడిపోయి, మరల మీట నొక్కినగాని పనిచేయని నో-వోల్టు కాయిలుగల స్టార్టరు ఈ ప్రమాదమును మూలముననే నివారించును. అందుకు విరుద్ధమైనది ఆటో స్టార్టరు. కరెంటు రాగానే బోరు మోటారు తనంతట తానే నడచుటకై రైతులు దానిని అమర్చుకొందురు. అర్ధరాత్రి పొలమునకు పోవు బాధను అది తప్పించిన మాట నిజము. కాని ఆ పెట్టెనుండియే తీగ లాగి చాఫ్ కట్టరుకు కలుపుట ప్రాణముతో చెలగాటము. అట్లు కలిపియున్నవారు నేడే విడదీయవలెను.

త్రీఫేజు లైనును మరమ్మతు చేసిన పిదప ఫేజుల వరుస మారినచో మోటారు తిరుగబడి నడచును. కావున ట్రాన్స్‌ఫార్మరు మార్చిన పిమ్మట మేత పెట్టకమున్నే ఒక్కక్షణము నడిపి తిరుగుదిశను చూచుకొనుట అవసరము. కొట్టమున నేల ఎల్లప్పుడు తడి. పశువును మనిషియు చెప్పులు లేకయే నిలుతురు. మోటారు చట్రమునకు గట్టి ఎర్తు తీగ, 30 మిల్లీ ఆంపియర్లకు తెగు లీకేజి బ్రేకరు, అతుకులు లేని కేబులు, అందుబాటులో స్విచ్చి, ఇవి లేకున్న యంత్రమును తాకకుండుట మేలు. తీగ కాల్చి ఫ్యూజు కట్టు అలవాటు మోటారునే కాదు, మనిషిని కూడ కాపాడదు.

సంరక్షణలో మొదటి సూత్రము: ప్లగ్గు ఊడదీసి, చక్రము పూర్తిగా నిలిచిన పిమ్మట, చక్రపు ఆకుల నడుమ కఱ్ఱదిమ్మె దూర్చి, అప్పుడే బ్లేడును ముట్టవలెను. ఒక బ్లేడు బోల్టును విప్పుచుండగా చక్రము తన బరువుననే కదలి రెండవ బ్లేడు చేతిపైకి వచ్చును. మొద్దుబారిన బ్లేడు మేతను కోయదు, నలుపును. మోటారుపై భారము పెరిగి, మేత రోలర్లలో చిక్కి, చేయి అటువైపు పోవలసిన అవసరము కల్పించును. అందువలన పదును కూడ భద్రతలోని భాగమే. ఆకురాయితోగాని, సానతోగాని వాలుగానున్న వైపుననే పదును పెట్టవలెను. రెండవ వైపు చదునుగానే యుండవలెను. కరెంటు సానపై తొందరపడి పట్టినచో అంచు నీలివన్నెకు తిరుగును. ఆ భాగమున ఉక్కు తన కాఠిన్యమును కోల్పోయినదని గ్రహించి నీరు తగిలించుచు మెల్లగా పట్టవలెను. రెండు బ్లేడులను ఒక్కసారే పదును పెట్టి, ఒక్కసారే మార్చవలెను. ఒకటి అరిగి తేలికయై రెండవది బరువుగా నున్నచో చక్రము కుదుపుతో తిరిగి బేరింగులను తినివేయును. బ్లేడునకును ఉక్కు పెదవికిని నడుమ సందు తగిలీతగులనంత ఉండవలెను. సరిచేసిన తరువాత కరెంటు ఇచ్చుటకు ముందు చేతితో చక్రమును ఒక చుట్టు త్రిప్పి ఎచ్చటను రాపిడి లేదని నిశ్చయించుకొనుట పాత మెకానిక్కులు తప్పక చేయు పని, అనుసరింపదగినది. బోల్టులను తయారీదారు ఇచ్చిన గట్టిరకముతోనే మార్చవలెనుగాని సైకిలు షాపులో దొరికినది వేయరాదు. బేరింగులకు గ్రీజు, గేర్లకు నూనె, బెల్టు బిగువు వారమునకొకసారి చూచినచో చాలును. మేత పెట్టుటకుముందు కట్టను దులిపి రాయి, ఇనుపతీగ, బేలరు త్రాడు లేవని చూచుట ప్రతిదినకృత్యము. తడిసిన పచ్చిగడ్డి అవశేషము రాత్రంతయు అంటియున్నచో రోలర్లు తుప్పుపట్టును. పని ముగిసినంతనే, ప్లగ్గు తీసియే, చీపురుతో ఊడ్చి వేయవలెను.

బ్రష్ కట్టరు ఇటీవలి అతిథి. కూలి దొరకని కాలమున మామిడితోటల కసువును, గెనిమలమీది పొదలను, పూతకు రాకమున్నే కొట్టవలసిన వయ్యారిభామను ఇది గంటలలో ముగించును. ఈ నేల రాతినేల. తిరుగు పళ్ళెము తాకిన గులకరాయి తుపాకిగుండుతో సమానము. అందుచేత నడుపువానికి కంటి అద్దములు, మోకాలి క్రిందిభాగము కప్పు బూట్లు, చెవులకు మూతలు ఉండుటయేగాక, ఇతరులును పశువులును 15 మీటర్లకు అవతల నుండవలెను. పళ్ళెము గట్టి మొద్దునకు తగిలినప్పుడు యంత్రము మొత్తము ఒక ప్రక్కకు విసరబడును. భుజపు పట్టీ ఆ విసురునుండి కాపాడును గనుక బరువని దానిని తీసి నడుపరాదు. కోతకు ముందు తోటనంతయు ఒకమారు నడచి డ్రిప్పు పైపులకు గుర్తుగా పుల్లలు నాటుట మేలు; ఆ నడకతో గడ్డిలోని పాములును తొలగిపోవచ్చును. టూస్ట్రోకు ఇంజనుకు పెట్రోలులో నూనెను తయారీదారు చెప్పిన పాలుననే కలుపవలెను. వేడిగా నున్నప్పుడు పెట్రోలు పోయరాదు. బ్లేడును మార్చునపుడు స్పార్కు ప్లగ్గు మూతను ఊడదీయవలెను; పెక్కు యంత్రములందు బ్లేడు నట్టు ఎడమమరగా నుండును కనుక ఎప్పటివలె విప్పబోయి బిగించువారు అనేకులు.

ఈ సీమనుండి అమెరికా పోయి టెక్సాసు మొదలగు రాష్ట్రములలో ఇండ్లు కొనుకొన్నవారికి జీరో టర్న్ మూవరు ఎదురగును. మదనపల్లెనుండి పోయి ఏటా కొన్ని నెలలు పిల్లలకడ నుండు తల్లిదండ్రులును దానిని చూచుచున్నారు. దీనికి సామాన్యముగా స్టీరింగు ఉండదు. వెనుక చక్రములు రెంటికి వేర్వేరు హైడ్రాలిక్ పంపులు, చేతికి రెండు మీటలు. రెండును ముందుకు నెట్టిన ముందుకు, ఒకటి ముందుకు ఒకటి వెనుకకు అయినచో ఉన్నచోటనే తిరుగును. ముందుచక్రములు స్వేచ్ఛగా తిరుగునవి గాన, వాలునందు వెనుకచక్రము జాఱినంతనే దిశను నిలుపునది మఱి లేదు. సాధారణముగా తయారీదారులు విధించు హద్దు 15 డిగ్రీలు, అనగా మీటరు దూరమునకు 27 సెంటీమీటర్ల ఎత్తు. కొన్నింటికి అంతకంటె తక్కువ. తడిపచ్చికపై, చెఱువుగట్టు దాపున, గోడ అంచున నడుపరాదు. తలక్రిందులైనప్పుడు కాపాడు చట్రమును నిలిపినచో బెల్టు కట్టుకొనవలెను. చట్రము మడిచియున్నచో బెల్టు కట్టరాదు. నేర్చుకొనువాడు బ్లేడులను తిరుగనీయక చదునునేలపై కొన్నాళ్ళు సాధన చేయుట ఉత్తమము. సీటునుండి లేచినచో బ్లేడు నిలుపు స్విచ్చిని కట్టివేయువారు తమ కాపరిని తామే బంధించినవారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘము 16 సంవత్సరముల లోపువారు దీనిని నడుపరాదనియు, పిల్లలను ఒడిలో కూర్చుండబెట్టుకొనరాదనియు చెప్పుచున్నది. నడచుచు త్రోయు మూవర్లకు 1982 నుండి ఆ దేశమున పట్టువదలిన మూడు సెకనులలో బ్లేడు నిలువవలెనని నియమము కలదు. మూడు సెకనులు కూడ చేయి పోవుటకు చాలునంత కాలమే. రెండువైపుల టైర్ల గాలి సమముగా నుంచుట, బ్లేడుల తూకము చూచుట, గడ్డి పేరుకొన్న పొగగొట్టపు పరిసరములను శుభ్రము చేయుట దీని సంరక్షణలో ముఖ్యములు. జాకీపై మాత్రమే నిలిపి దాని క్రిందికి చేయి పోనీయరాదు.

ఇన్ని జాగ్రత్తలనడుమను గాయమైనచో మొదట కరెంటు ఆపవలెను. చేయి రోలర్లలోనున్నచో బలవంతముగా లాగరాదు. ప్లగ్గు తీసిన పిమ్మట, రివర్సు గేరుతోగాని, చక్రమును చేతితో వెనుకకు త్రిప్పిగాని విడిపించవలెను. గాయముపై శుభ్రమైన గుడ్డను గట్టిగా అదిమిపట్టి, చేతిని గుండెకంటె ఎత్తుగా నుంచి, 108కి ఫోను చేయవలెను. పసుపు, కాఫీపొడి, బూడిద గాయముపై చల్లరాదు. తెగిన వ్రేలును పారవేయక, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని మంచుగడ్డలమీద నుంచి రోగితోపాటే ఆసుపత్రికి పంపవలెను. వ్రేలు మంచునకు నేరుగా తగులరాదు, నీటిలో మునుగరాదు. ధనుర్వాతపు సూది వేయించుకొనుటను, యంత్రము ఏదో, గాయమైన గంట ఏదో వైద్యునికి చెప్పుటను మరువరాదు.